దొరలు నేర్చిన తెలుగు

1820వ సంవత్సరము ఆగస్టు నెలలో ఇరువదియొక్కయేండ్ల ఇంగ్లీషు యువకుడొకడు కడప కలెక్టరు హాన్బరీ దొరకు సహాయోద్యోగిగా ఈ సీమకు వచ్చెను. ఆతడే చార్లెస్ ఫిలిప్ బ్రౌను. కలకత్తాలో 1798వ సంవత్సరము నవంబరు 10వ తేదీన పుట్టినవాడు. తండ్రి డేవిడ్ బ్రౌను మతాచార్యుడు, పలు భాషలు నేర్చినవాడు. తండ్రి మరణించిన పిమ్మట బ్రౌను ఇంగ్లండునకు పోయి, హెయిలీబరీ కళాశాలలో కంపెనీ కొలువునకు వలయు చదువు చదివి, 1817వ సంవత్సరము ఆగస్టులో చెన్నపట్టణమున దిగెను. అచ్చటి కళాశాలలో వెలగపూడి కోదండరామ పంతులుగారి యొద్ద తెలుగు చదివి, మూడేండ్లకు పరీక్షలో తేఱి, కడప చేరెను.

బ్రౌను తెలుగునకు చేసిన యుపకారమును మా పాఠకులు చిన్ననాటి నుండి వినుచునే యున్నారు. దానిని మరల కొనియాడుట మా యుద్దేశము కాదు. ఆతడును, ఆతనికి ముందు వెనుకల వచ్చిన పరభాషీయులును మన భాషను ఎట్లు నేర్చిరి? వారు నేర్చునప్పుడు మన భాషను గూర్చి మనమే యెఱుగని సంగతులేవి బయటపడెను? ఇంతవఱకే మా విచారణ.

ఆనాటి కడప మండలపు స్థితిని ముందుగా తలచుకొనవలెను. 1800వ సంవత్సరమున నిజాము ఈ సీమను కంపెనీకి దత్తము చేసెను. దత్తమండలములను ఆ పేరు అప్పుడు వచ్చినది. రాయలసీమ యను గౌరవనామము 1928లో నంద్యాల సభ నాటికి గాని పుట్టలేదు. కర్నూలు మాత్రము 1839 వఱకు నవాబుల యేలుబడిలోనే యుండెను. నవాబుల కొలువులలో పారసీకము, కచేరీ లెక్కలలో మహారాష్ట్రము, బజారున హిందూస్తానీ, పల్లెలో తెలుగు. బళ్ళారి వైపు పోయిన కొలది కన్నడము. ఇట్టిచోట క్రొత్తగా వచ్చిన యధికారి దుబాసీల మీదనే ఆధారపడి కాలము గడపవచ్చును. చాలమంది అట్లే గడపిరి కూడ. కాని రైతు చెప్పుకొన్న మాట ఇద్దఱు ముగ్గురి నోళ్ళు దాటి దొర చెవిని పడునప్పటికి దాని రూపు మాఱిపోవును. దొరకు భాష రాకున్న అధికారము దుబాసీదే. 1812లో చెన్నపట్టణమున కళాశాల పెట్టి, తమ యుద్యోగులచే దేశభాషలు చదివించుటకు కంపెనీవారు పూనుకొనినది ఇందులకే. పన్నులు సరిగా వసూలు కావలెను, తీర్పులు సరిగా జరుగవలెను. అది మనమీది ప్రేమ యని మేమనము.

ఆ కళాశాల నాటికి దొరల చేతిలో నున్న తెలుగు పుస్తకములు అతిస్వల్పములు. 1814లో విలియము కేరీ శ్రీరామపురమున నొక వ్యాకరణము అచ్చొత్తించెను. 1816లో కళాశాల పాలకసంఘమువాడైన కాంబెల్ దొర మఱియొకటి వ్రాసెను. దాని యుపోద్ఘాతమునకు అనుబంధముగా ఎల్లిసు దొర వ్రాసిన వ్యాసము మిక్కిలి ప్రసిద్ధము. తెలుగు సంస్కృతమునుండి పుట్టిన భాష కాదనియు, అరవ కన్నడములతో ఒక్క కుదురునకు చెందినదనియు అందు ధాతువులను చూపి నిరూపించెను. ఆ ధాతువులను కూర్చి యిచ్చినవారు కళాశాల ప్రధానోపాధ్యాయులగు పట్టాభిరామశాస్త్రిగారు. 1821లో వచ్చిన కాంబెల్ నిఘంటువునకు ఆధారము బందరు వాస్తవ్యులగు మామిడి వెంకయ్యగారి ఆంధ్రదీపిక. దొర పేరు అట్టమీద నుండును, పండితుని పేరు పీఠికలో నుండును. ఒక్కొక్కప్పుడు అచ్చటను ఉండదు.

ఇక నేర్చువాని కష్టములు. మనము పుట్టుకతో నేర్చితిమి గనుక ఇవి మనకు తోచవు. ఇంగ్లీషువాని నాలుకకు మన త, ట రెండును లేవు. వానిది రెంటికి నడుమనుండు ధ్వని. కావున "పాత" యన్నను "పాట" యన్నను ఒక్కటియే పలుకును. "కల" యనబోయి "కల్ల" యనును. ఇది చెవికి సంబంధించిన చిక్కు, కొన్ని నెలలకు తీఱును. అంతకన్న లోతైన చిక్కులు వేఱు. వాని భాషలో "నేను తెలుగును ఎఱుగుదును" అని కర్త తానై చెప్పుకొనును. మనమో, "నాకు తెలుగు వచ్చును" అందుము. భాష తానే నడచి మన యింటికి వచ్చుచున్నట్లు మాటాడుదుము. ఆకలియు, కోపమును, నిద్రయు మనకు వచ్చునవే గాని మనము చేయునవి కావు. ఇందులో మన స్వభావము కొంత కలదేమో యని మాకొకప్పుడు తోచును గాని, ఆ విచారము ఇచ్చట వలదు.

మఱియొకటి. మేము ఈ వ్యాసమున "మేము" అని వ్రాయుచున్నాము, నడుమ నడుమ "మనము" అనియు వ్రాయుచున్నాము. రెంటికిని ఇంగ్లీషున ఒక్కటే మాట. ఎదుటివానిని కలుపుకొన్నచో మనము, విడిచినచో మేము. క్రొత్తగా వచ్చిన దొర రైతులను నిలిపి "మనము పన్ను కట్టవలెను" అన్నాడనుకొనుడు. రైతులు నవ్వుకొని, దొరయు తమతో కూడ కట్టునేమో యనుకొందురు. "మేము నీరు త్రవ్వించెదము" అన్నచో, రైతులు ఇండ్లకు పోయి ఊరక కూర్చుందురు. ఒక్క యక్షరపు తేడాలో పాలించువాడును పాలింపబడువాడును కలియుదురు, విడిపోవుదురు.

లింగభేదము ఇంతకంటె వింత. పుస్తకము చదివిన దొర "అతడు వచ్చెను, ఆమె వచ్చెను, ఆవు వచ్చెను" అని నేర్చును. సులభముగనే యున్నది. కచేరీ గడప దాటగానే "వాడు వచ్చినాడు, ఆమె వచ్చింది, ఆవు వచ్చింది" అని వినును. పురుషునకు వేఱు రూపము. స్త్రీకిని పశువునకును ఒక్కటే రూపము. పదిమంది స్త్రీలు వచ్చినచో మాత్రము "వచ్చినారు" అని పురుషులతో సమానముగ అందుము. ఒంటరిగా నున్న స్త్రీకి లేని మర్యాద గుంపులో నున్నప్పుడు కలుగుచున్నది. ఆమెకు విడిగా మర్యాద చూపదలచినను బహువచనమునే ఆశ్రయింపవలెను. మేము బడిలో నిరువదియేండ్లుగా వ్యాకరణము చెప్పుచున్నాము. "మహన్మహతీవాచకములు" అని బాలురచే వల్లె వేయించుచున్నాము. పరాయివాడు అడుగువఱకు ఇది ప్రశ్న యని మాకు తోచలేదు.

ఇప్పుడు చెప్పిన "వచ్చెను, వచ్చినాడు" అను రెండు రూపములలోనే అసలు సంగతి యున్నది. తెలుగు నేర్వవచ్చినవాడు ఒక్క భాష గాక రెండు నేర్వవలసివచ్చెను. కళాశాలలో పండితులు నేర్పినది కావ్యముల తెలుగు. వారికి వ్యాకరణమన్న పద్యముల వ్యాకరణమే. అందును పూర్వపు వ్యాకరణము సంస్కృత సూత్రములతో నున్నది. తెలుగు నేర్చుటకు ముందు సంస్కృతము రావలెను. ఆ తెలుగుతో కడప కచేరీకి వచ్చినవానికి "యాడికి పోతాండావు" అను మాట చెవిని పడినప్పుడు, ఇది యే భాష యని సందేహము కలుగుట సహజమే. 1817లో విలియము బ్రౌను అను మఱియొక దొర జనులు మాటాడు తీరును అనుసరించి వ్యాకరణము వ్రాసియుండెను. దానిని పండితులు లెక్కింపలేదు.

ఇట్టి చిక్కు మనకొక్కరికే కలుగలేదు. ఐరోపాఖండమున బెల్జియము దేశమునందు ఫ్రెంచి మాటాడువారును డచ్చి మాటాడువారును ఇరుగుపొరుగున నున్నారు. 1830లో ఆ రాజ్య మేర్పడినప్పుడు ప్రభుత్వమునకును ఉన్నత విద్యకును ఫ్రెంచియే భాష. 1898లో గాని శాసనములందు డచ్చికి సమానస్థానము రాలేదు. గెంటు నగరపు విశ్వవిద్యాలయము డచ్చిలో బోధించుట 1930లో గాని జరుగలేదు. అచ్చటి ఫ్రెంచి బాలుడు బడిలో పుస్తకపు డచ్చి నేర్చి పశ్చిమ ఫ్లాండర్సున ఒక యింటికి పోయినచో, ఆ యింటి మాట వానికి అందదు. వాడు తడబడుట చూచి యింటివారు దయతలచి ఫ్రెంచిలో బదులు చెప్పుట తఱచు. ఆ దయయే వాని చదువునకు శత్రువు. పాఠశాలలో ఏండ్లకొలది చదివియు మాటాడలేకుండుటకు అది యొక కారణము.

ఈ సంగతి తెలిసిన పిమ్మట బ్రౌనును గూర్చి మాకొక విషయము స్పష్టమయ్యెను. 1820లో కడపవారికి ఇట్టి దయ చూపుటకు శక్తి లేదు. వారికి ఇంగ్లీషు రాదు. దొర తడబడినను, తప్పు పలికినను, వారు బదులు చెప్పగలిగినది తెలుగులోనే. ఉదయము మొదలు సాయంకాలము వఱకు అర్జీలు, సాక్ష్యములు, పొలపు తగవులు. మాట వినవలెను, మాట చెప్పవలెను. చెన్నపట్టణమున మూడేండ్ల చదువు ఆతనిని పరీక్ష దాటించినది; తెలుగువానిని చేసినది మాత్రము ఈ బలవంతము. ఆతనికి కడపతో ముడి పడినది. 1821లోనే ఇచ్చట పేదబాలురకు ఉచిత పాఠశాలలు పెట్టెను. బందరు, రాజమహేంద్రవరములలో పనిచేసి తిరిగివచ్చి, ఇచ్చటనే బంగళా కొని, పండితులను చేర్చి, వ్రాతప్రతులు తెప్పించి శుద్ధప్రతులు వ్రాయించెను. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైతబ్రహ్మయ్య, ములుపాక బుచ్చయ్య యను పండితులు ఆ పనిలో నుండిరి. అయోధ్యాపురము కృష్ణారెడ్డిగారు పై విచారణ చూచిరి. వారికి జీతములు దొర సొంత డబ్బు, అప్పుచేసిన డబ్బు.

వేమన కథ కూడ నేర్చుకొనువాని అవసరము నుండి పుట్టినదే. ద్యూబువా అను ఫ్రెంచి మతబోధకుడు మన యాచారములను గూర్చి వ్రాసిన గ్రంథమున వేమన పేరు కలదు. బందరులో నున్నప్పుడు, 1824లో, బ్రౌను దానిని చూచెను. కదిరి సీమలో కటారుపల్లె యొద్ద సమాధి కలిగి, ఈ పొలముల రైతుల నోట నూఱేండ్లకు పైగా నానుచున్న కవిని గూర్చి, దత్తమండలములలో రెండేండ్లు కొలువు చేసిన తెలుగు విద్యార్థికి ఒక ఫ్రెంచివాని పుస్తకము చెప్పవలసివచ్చెను. పండితుల పాఠములలో వేమనకు చోటు లేదు మఱి. బ్రౌను ప్రతులు పోగుచేసి, పోల్చి, 1829లో ఇంగ్లీషు అనువాదముతో అచ్చొత్తించెను. ఆటవెలదులు పొట్టివి, మాటలు తేట, భావము లోతు. భాష నేర్చువానికి ఇంతకంటె మంచి వాచకము దొరకదు. మన బాలురకు వేమనను తొలి పాఠముగా పెట్టు నాచారము మనకిప్పుడు సహజముగా తోచుచున్నది గాని, అది ప్రాతకాలపు వీథిబడినుండి వచ్చినట్లు మేము చిరకాలము పొరబడితిమి.

1840లో బ్రౌను తన వ్యాకరణము వెలువరించెను. అందు కావ్యభాషతో పాటు జనుల వాడుక రూపములను గూడ చేర్చెను. 1852 మొదలు నిఘంటువులు వచ్చినవి. తెలుగు నుండి ఇంగ్లీషునకు, ఇంగ్లీషు నుండి తెలుగునకు కూర్చిన పెద్ద నిఘంటువులను అందఱు నెఱుగుదురు. 1854 నాటి "మిశ్రభాషా నిఘంటువు"ను ఎఱిగినవారు తక్కువ. మా యభిప్రాయమున ఆతని తెలుగు చదువునకు నిజమైన సాక్ష్యమదియే. కచేరీ, అర్జీ, జమాబందీ, తహసీలు, పట్టా, కౌలు, ఖర్చు, జవాబు, రైతు — ఇవి లేక దత్తమండలమున ఒక దినము గడవదు. పండితులు వీనిని తెలుగుమాటలని యొప్పుకొనరు, నిఘంటువున ఎక్కనీయరు. పెద్ద నిఘంటువునుండి వీనిని విడదీసి వేఱొక పుస్తకముగ అచ్చువేయుట పండితుల మడికి దొర యిచ్చిన మర్యాద యని కొందఱందురు. ఏమైనను రైతు నోటనున్న మాట అచ్చులో నిలిచినది. అనంతపురపు హండె రాజుల చరిత్రమును 1853లో ఆతడు అచ్చొత్తించుటయు నిట్టిదే. అది కవి వ్రాసినది కాదు. ఈ సీమ వచనము. నేర్చువారి కుపయోగమని దానిని ప్రకటించెను.

బ్రౌను 1854లో ఉద్యోగము మాని స్వదేశము చేరి, 1865లో లండను విశ్వవిద్యాలయమున తెలుగు ఆచార్యుడై, 1884 డిసెంబరు 12న మరణించెను. ఆతని తర్వాత వచ్చినవారిలో ఆర్డెను అను మతబోధకుడు 1873లో వ్రాసిన వ్యాకరణము విద్యార్థుల చేతులలో చాలకాలము నలిగినది. అందు వాడుక భాష ముందు, గ్రంథభాష వెనుక. నేర్చువానికి ముందేది కావలెనో యాతడు గ్రహించెను. 1935లో గలెట్టి యను సివిలు ఉద్యోగి వాడుక తెలుగునకే నిఘంటువు కూర్చి ఆక్స్‌ఫర్డులో అచ్చొత్తించెను.

వీరందఱికంటె ఎక్కువ కలకలము రేపినవాడు మఱియొకడు. 20వ శతాబ్ది తొలి యేండ్లలో ఉత్తరపు జిల్లాలకు పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చిన యేట్సు దొర, "మీరు మాటాడు తెలుగు వేఱు, బడిలో నేర్పు తెలుగు వేఱు, ఏల?" అను భావముతో అడిగెనట. పసివాడు అడుగదగిన ప్రశ్న. గిడుగు వేంకట రామమూర్తిగారు ఆ ప్రశ్నను వదలలేదు. ఆయనకది తగిలియుండుటకు వేఱొక కారణము కూడ కలదు. అప్పటికే ఆయన పర్లాకిమిడిలో సవరలను తన యింట పెట్టుకొని వారి భాష నేర్చుచుండిరి. సవరభాషకు అప్పటికి లిపి లేదు, కావ్యము లేదు, పండితుడు లేడు, వాడుకయే వ్యాకరణము. 1931లో ప్రకటించిన ఆయన సవర వ్యాకరణము ఆ శ్రమకు ఫలము. పరభాషను నోటినుండి నేర్చినవాడే స్వభాషను గూర్చి అట్టి పోరాటము చేయగలిగెను.

మేమీ మాటలను గ్రాంథికముననే వ్రాయుచున్నామని పాఠకులు నవ్వవచ్చును. నవ్వదగినదే. చేయి అలవాటు పడినది. ఇల్లాలితో మాటాడునప్పుడు మాత్రము "వచ్చినాను, పోతాను" అందుము. ఈ వ్యాసపు చిత్తుప్రతి చదివి వినిపించినప్పుడు ఆమెయే, "ఇది మీరు దొరకు చెప్తాండారా, మాకు చెప్తాండారా?" అన్నది.

కొన్నేండ్ల క్రిందట మా తరగతిలో ఒక బాలుడు వ్యాసమున "మా అవ్వ సంకటి కెలుకుతాంది" అని వ్రాసెను. మేము ఎఱ్ఱసిరాతో రెండు మాటలు కొట్టివేసి, అన్నమని దిద్దితిమి. సంకటి అన్నము కాదు. రాగిపిండితో చేసినది, ముద్దగా తినునది. వాని యింట ఆ పూట అన్నము లేదు. ఆ రాత్రి వేఱొక పనిమీద బ్రౌను నిఘంటువు తిరుగవేయుచుండగా సంకటి కనబడినది, అర్థముతో సహా. ఇంగ్లండునుండి వచ్చినవాడు చేర్చుకొన్న మాటను ఈ సీమలో పుట్టి, ఆ సంకటి తిని పెరిగిన మేము కొట్టివేసితిమి. మఱునాడు వాని పుస్తకము తీసికొని మా దిద్దుబాటును మేమే కొట్టివేసితిమి. వాడేమనుకొనెనో అడుగలేదు.

ఇట్టివారు మా బడిలో ఇంక నున్నారు. పాతబస్తీ ముస్లిము పిల్లలు ఇంట ఉర్దూ మాటాడి, వీథిలో తెలుగు నేర్చి వచ్చెదరు. కూరగాయల బేరములో వారి తెలుగునకు తడబాటు లేదు. పుస్తకము తెఱచిన వెంటనే నోరు మూయుదురు. మాటాడలేక కాదు, వారికి వచ్చిన తెలుగు అందులో లేక. బ్రౌనుకు కచేరీలో కలిగిన చిక్కు వీరికి తలక్రిందులుగా కలుగుచున్నది. ఇతర రాష్ట్రములనుండి వచ్చు ఐ.ఏ.ఎస్. ఉద్యోగులు నేటికిని తెలుగు నేర్చి పరీక్ష నీయవలసినవారే. కాని వారు మూడవ మాటయొద్ద తడబడగానే మనవారు ఇంగ్లీషునకో హిందీకో దిగుదురు. 1820 నాటి కడపవారికి లేని దయ మనకు వచ్చినది. ఒక దుకాణమునందు అట్టి యుద్యోగి తెలుగున ధర యడుగగా దుకాణదారుడు ఇంగ్లీషున బదులు చెప్పుట మేము చూచితిమి. ఆయన మఱల తెలుగుననే యడిగెను. మఱల ఇంగ్లీషే వచ్చెను. మూడవసారి ఆయన ఊరకుండెను.

కడపలో బ్రౌను బంగళా యుండిన స్థలమున, జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారి యోపికవలన, గ్రంథాలయమును భాషాపరిశోధన కేంద్రమును వెలసినవి. అవి ఇప్పుడు యోగి వేమన విశ్వవిద్యాలయమునకు చెందియున్నవి. బ్రౌను సేకరించిన వ్రాతప్రతులు మాత్రము చెన్నపట్టణపు ప్రాచ్యలిఖిత గ్రంథాలయమున నున్నవి. ఆ ప్రతులలో పండితుని తెలుగు వ్రాత ప్రక్కనే దొర యింగ్లీషు వ్రాత కనబడును. ఒకరు చెప్పినది, ఒకరు అడిగినది.